చోటుండియు చోటులేని డిస్కు

కంప్యూటరు డిస్కులో ముప్పాతిక భాగము ఖాళీగా నున్నను, క్రొత్త ఫైలు వ్రాయబోయినప్పుడు "స్థలము లేదు" అను సమాధాన మొక్కొక్కప్పుడు వచ్చును. ఇది యెట్లు సంభవించును?

ఫైలులోని విషయము వేరు, దానినిగూర్చిన వివరములు వేరు. యజమాని యెవరు, పరిమాణ మెంత, ఎప్పుడు మార్చబడినది, విషయము డిస్కులో ఏయే చోట్ల నున్నది అను వివరములను యూనిక్సు సంప్రదాయమున 'ఐనోడు' అను చిన్న గడిలో భద్రపరతురు. ఫైలు పేరుమాత్ర మందుండదు. అది ఐనోడు సంఖ్యతో జతగా డైరెక్టరీలో నుండును.

లినక్సులో విరివిగా వాడబడు ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఐనోడుల సంఖ్య డిస్కును సిద్ధపరచునాడే నిర్ణయమగును. సాధారణముగా ప్రతి 16,384 బైట్లకు 256 బైట్ల ఐనోడొకటి కేటాయింతురు. అనగా డిస్కులో 64వ వంతు ఈ పట్టికకే చెల్లును. డిస్కును 128 మెగాబైట్ల భాగములుగా విభజింతురు గనుక, భాగమునకు 8,192 ఐనోడులు వచ్చును. ఏది ఖాళీయో, ఏది వాడుకలో నున్నదో తెలుపుటకు ఐనోడు కొక బిట్టు చొప్పున గుర్తు లుండును.

మిక్కిలి చిన్న ఫైలైనను సాధారణముగా 4,096 బైట్ల దిమ్మె నొకదానిని ఆక్రమించును. అట్టి ఫైళ్లే చేరుచుండినచో, డిస్కు సుమారు నాల్గవ వంతు నిండునప్పటికే ఐనోడులన్నియు ఖర్చగును. ఫైళ్లు పెద్దవైనచో, ఐనోడులే వాడుకకు రాక మిగిలిపోవును.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఈ చిక్కు తక్కువ. అవసరమైనప్పుడే 64 ఐనోడుల చొప్పున సృష్టింపబడును. కాని అవి యెక్కడ నున్నవో తెలుపుటకు వేరొక సూచిక కావలెను. మొదటి పద్ధతిలో సంఖ్య తెలిసిన చాలును. భాగహారముతోనే చోటు దొరకును.