ఓరుగల్లు తమ్ముడు – బస్తరు రాజు

సింహాసనం ఒక్కటే, రాజకుమారులు పలువురు. అగ్రజునికి పట్టం కట్టిన పిమ్మట అనుజుని గతి యేమి? మధ్యయుగపు జర్మనీలో ఉన్నత వంశాల కనిష్ఠ పుత్రులు కొందరు క్రైస్తవ మఠాలలో చేరారు. మరికొందరు ట్యూటానిక్ అనే యోధసన్న్యాసుల సంఘంలో ప్రవేశించి ప్రష్యా ప్రాంతంలో పోరాడారు. తెలుగు దేశంలో ఇదే ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు ఓరుగల్లులో బయలుదేరి, భద్రాచల ప్రాంతపు అడవుల కావల ఉన్న బస్తరు దాకా పోవాలి.

కాకతీయులలో అదృష్టం వరించిన తమ్ముడు లేకపోలేదు. రుద్రదేవునికి పుత్రులు లేనందున 1195లో అతని సోదరుడు మహాదేవుడు రాజయ్యాడు. అయితే కొద్ది యేండ్లకే దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు.

ప్రతాపరుద్రుని తమ్ముడని ప్రసిద్ధి పొందిన అన్నమదేవునికి ఆపాటి భాగ్యం కూడ దక్కలేదు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును వశపరచుకొన్నాయి. బందీగా కొనిపోబడుతూ ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో ప్రాణాలు విడిచాడని విలస తామ్రశాసనం తెలుపుతున్నది. అన్న గతించాడు గాని తమ్ముడు ఏలుకోవడానికి రాజ్యమే మిగలలేదు. అన్నమదేవుడు గోదావరిని దాటి, దండకారణ్యంలోని చిన్న పాలకులను జయించి బస్తరు రాజ్యాన్ని స్థాపించాడని ఆ రాజవంశీయులు చెప్పుకొన్నారు.

ఈ వృత్తాంతానికి ఒక అందమైన ఐతిహ్యం తోడయింది. దంతేశ్వరీదేవి అతని వెంట నడిచి వస్తానన్నదట. వెనుదిరిగి చూడరాదని నియమం. అందెల సవ్వడి వింటూ అతడు ముందుకు సాగాడు. శంఖినీ డంకినీ నదుల సంగమంలో దేవి పాదాలు ఇసుకలో కూరుకొనగా ఆ సవ్వడి ఆగిపోయింది. అతడు తిరిగి చూశాడు. దేవి అక్కడనే నిలిచిపోయింది. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడలో, ఆ సంగమం చెంతనే ఆమె ఆలయం ఉన్నది.

ఇందులో చరిత్ర పాలెంత? అన్నమరాజు ప్రతాపరుద్రుని సోదరుడని చెప్పే దంతేవాడ శాసనం 1703 నాటిది. దిక్పాలదేవుని కాలంలో వెలసినది. ఓరుగల్లు పతనానికీ దానికీ నడుమ 380 సంవత్సరాల ఎడమున్నది. కనుక ఆ బంధుత్వాన్ని నిస్సందేహంగా అంగీకరించలేము. కాని నాకు ఆ శాసనంలో ఆసక్తి కలిగించేది వేరొక విషయం. కత్తితో గెలిచిన భూమిని ఏలడానికి కత్తి ఒక్కటే చాలలేదు. ఓరుగల్లు పేరు కూడ కావలసివచ్చింది. కోటలు, కోశాగారాలు పోయినా ఆ పేరు మాత్రం తమ్ముని వంశానికి పిత్రార్జితంగా నిలిచింది. 1948లో బస్తరు సంస్థానం విలీనమయ్యే వరకు అక్కడి పాలకులు తాము కాకతీయులమనే చెప్పుకొన్నారు.