నీళ్లు మెట్లు ఎందుకు దిగుతాయి?

ఆర్మూర్ సిద్ధులగుట్ట మీద బండలు నిలువునా, అడ్డంగా పగిలి కనిపిస్తాయి కదా! అలాంటి పగుళ్లకు పారే నీరు తోడైతే జలపాతం పుడుతుంది. 44వ నంబరు జాతీయ రహదారిపై గోదావరి దాటి, నిర్మల్ మీదుగా నేరడిగొండ వైపు వెళ్తే కడెం వాగు మీద కుంటాల జలపాతం కనిపిస్తుంది. ఎత్తు సుమారు 45 మీటర్లు.

నీళ్లు పగుళ్లలో దూరతాయి. వరద వచ్చినప్పుడు వదులైన రాళ్లను పెకలించుకుపోతాయి. గట్టి బండ మాత్రం నిలబడుతుంది. అదే మెట్టు!

మరి వాగు బండల్లో రోలు లాంటి గుంతలు ఎలా వస్తాయి? సుడిలో చిక్కిన గులకరాళ్లు గిరగిరా తిరుగుతూ ఏళ్ల తరబడి బండను తొలుస్తాయి. నీళ్లు తగ్గాక పెద్దవాళ్లతో కలిసి వెళ్లి చూడండి. గుంత అడుగున నున్నటి గులకరాళ్లు కొన్నిసార్లు ఇంకా అక్కడే ఉంటాయి.