నీలిబొట్టు కోసం ఎదురుచూపు

పిల్లలూ, పండుగ వస్తున్నదంటే మీరు వేళ్ళు మడిచి రోజులు లెక్కపెడతారు. ఒక ఆట కోసం సంవత్సరాలు లెక్కపెట్టేవాళ్ళను ఎప్పుడైనా చూశారా? అటువంటివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

జపాను దేశంలో తయారైన ఆ వీడియో ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్. దాని మొదటి భాగం 1986 మే 27న వచ్చింది. పదకొండవ భాగం 2017లో వచ్చింది. సరిగ్గా 35వ పుట్టినరోజున, అంటే 2021 మే 27న, పన్నెండవ భాగం తయారవుతున్నదని ప్రకటించారు. అది చాలక పాత భాగాలకు కూడా ఒక్కొక్కదానికి కొత్త రూపం ఇస్తున్నారు. ఇక నాబోటివాళ్ళకు నిద్ర ఎలా పడుతుంది?

ఇందులో అంత ఏమున్నది అంటారా? చెబుతాను.

మీరు ఇంటి వెనక చేరి, "నేను రాజును, నువ్వు రాక్షసుడివి" అని వేషాలు వేసుకుని ఆడుకుంటారు కదా, ఇదీ అటువంటిదే. వీటిని రోల్ ప్లేయింగ్ ఆటలు అంటారు. తెరమీద ఒక వీరుడు ఉంటాడు. వాడికి మీ పేరే పెట్టుకోవచ్చు. వాడు నోరు తెరిచి మాట్లాడడు, ఎందుకంటే ఆ వీరుడు మీరే గనక.

మొదటి ఆటలో రాజుగారు మిమ్మల్ని పిలిచి, లోకాన్ని పీడిస్తున్న డ్రాగన్ల ప్రభువును జయించి రమ్మంటాడు. ఖర్చులకు 120 నాణాలు ఇస్తాడు. మీరు సంతోషంగా అంగడికి వెళతారు. అక్కడ రాగి కత్తి ఖరీదు 180! లోకాన్ని రక్షించబోయేవాడికి ఒక కత్తికి సరిపడా డబ్బు ఇవ్వనివాడు ఏం రాజో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చేసేది లేక 60 నాణాలు పెట్టి దుడ్డుకర్ర కొనుక్కుని ఊరు దాటుతారు.

ఊరి బయట పచ్చికలో ఒక నీలిబొట్టు ఎదురవుతుంది. వానచినుకు లాటి ఆకారం, గుండ్రని కళ్ళు, ముఖమంతా నవ్వు. దాని పేరు స్లైమ్. అది మీ శత్రువే గాని, దాన్ని చూస్తే కోపం రాదు. దాన్ని ఓడిస్తే మీకు అనుభవంలో ఒక్క మార్కు వస్తుంది. అలా ఏడు మార్కులు కూడితే రెండవ మెట్టు ఎక్కుతారు, బలం పెరుగుతుంది. నిన్న మిమ్మల్ని తరిమికొట్టిన భూతాన్ని నేడు మీరు తరుముతారు.

ఇంకొక తమాషా ఉన్నది. మీరు బయలుదేరిన చోటునుంచే, నీటికి అవతల ఆ డ్రాగన్ల ప్రభువు కోట కనిపిస్తూ ఉంటుంది. కూతవేటు దూరం! కాని దాటటానికి వంతెన లేదు. అక్కడికి చేరాలంటే లోకమంతా చుట్టిరావలసిందే. చేరవలసిన చోటు మొదటి అడుగులోనే చూపించి, ఆట అయ్యేదాకా ఊరించటం ఎంత గడుసుతనమో చూడండి.

పోరాటంలో వేళ్ళ చురుకుదనం అవసరం లేదు. కొట్టటమా, మంత్రం వేయటమా, పారిపోవటమా అని తెర అడుగుతుంది. చదరంగంలో లాగా మీరు ఆలోచించి ఎత్తు వేస్తారు, తరువాత శత్రువు వేస్తాడు. అందుచేత చేయి వణికే తాతగారు కూడా మనమడితో సమంగా ఆడవచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత దీనితో పని ఉన్నది.

ఈ ఆటను ఊహించి కథ రాసినవాడు యూజీ హోరీ. యంత్రానికి తెలిసేటట్టు రాసినవాడు కోయిచీ నకమురా. బొమ్మలు గీసినవాడు అకిరా తొరియామా. టీవీలో డ్రాగన్ బాల్ చూసిన పిల్లలకు ఆయన గీత తెలిసే ఉంటుంది. హోరీ తన స్లైమును ఒలికిపోయిన జావలాగా గీసి ఇస్తే, దాన్ని ముద్దువచ్చే చినుకుగా మార్చినవాడు తొరియామానే.

సంగీతం కూర్చిన కోయిచీ సుగియామా సంగతి మరీ చిత్రం. ఆయన వ్యాపార ప్రకటనలకూ సినిమాలకూ పాటలు కట్టిన పెద్దమనిషి. ఆటలంటే ప్రాణం. జపాను చదరంగం వీడియో ఆట ఒకటి ఆడి, అందులో ఉన్న అభిప్రాయాల కార్డు పూర్తిచేసి కంపెనీకి పోస్టులో పంపాడు. కార్డుమీద పేరు చూసి కంపెనీవాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆ పరిచయమే పెరిగి పెద్దదయింది. మొదటి డ్రాగన్ క్వెస్టు వచ్చేసరికి ఆయనకు 55 ఏళ్ళు. ఆనాటి యంత్రం ఒకేసారి రెండు మూడు స్వరాలకంటె ఎక్కువ పలకలేదు. వాటితోనే ఆయన కూర్చిన ప్రారంభ గీతం 2021 జూలై 23న టోక్యో ఒలింపిక్సులో క్రీడాకారులు నడిచి వచ్చేటప్పుడు వినిపించింది!

మొదటి ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది. ఇప్పుడు ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చోటు చాలక జపాను అక్షరాలలో కొన్నింటిని వదిలేసి, మిగిలినవాటితోనే భూతాలకు పేర్లు పెట్టారు. ఆటను సగంలో ఆపితే, ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునే శక్తి కూడా యంత్రానికి లేదు. అందుకని రాజుగారు 20 అక్షరాల మంత్రం ఒకటి చెబుతాడు. అది నోటుపుస్తకంలో రాసుకోవాలి. మర్నాడు ఆ మంత్రం చెబితేనే ఆట మిగిలినచోటునుంచి సాగుతుంది. ద రాయవలసినచోట ధ రాసినట్టు ఒక్క అక్షరం తప్పారా, నిన్నటి కష్టమంతా గంగలో కలిసినట్టే. రెండవ ఆటలో ఈ మంత్రం 52 అక్షరాలదాకా పెరిగింది. పాపం, ఆ పిల్లలు బడిలో ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా రాసి ఉండరు.

మూడవ ఆట 1988 ఫిబ్రవరి 10న వచ్చింది. అది బుధవారం. తెల్లవారకముందే దుకాణాల ముందు బారులు తీరాయి. బడి ఎగవేసి నిలబడిన పిల్లలను పోలీసులు వందల సంఖ్యలో పట్టుకుని మందలించారు. నాలుగవ ఆట ఆదివారంనాడు విడుదల చేశారు. పనిదినాలలో ఈ ఆట అమ్మరాదని జపానులో చట్టం చేశారని కొందరు చెబుతారు గాని, అది వట్టి కట్టుకథ.

ఇక కొత్తగా వస్తున్నవాటి సంగతి. మూడవ ఆట 2024 నవంబరు 14న, మొదటి రెండూ కలిసి 2025 అక్టోబరు 30న కొత్త రూపంలో వచ్చాయి. తోలుబొమ్మల తెర వెనక నిజమైన అడవీ, ఎండా, నీడా ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఇవి అలా ఉంటాయి. ఒకటి రెండు ఉండగా ముందు మూడవది ఎందుకు తెచ్చారంటారా? దానికి కారణం మూడవ ఆట చివరలో ఉన్నది. అది చెబితే మీ సంతోషం పోతుంది.

నన్ను ఎక్కువగా ఊరించింది ఏడవది. దాని కొత్త రూపం సంగతి 2025 సెప్టెంబరులో బయటపెట్టి, 2026 ఫిబ్రవరి 5కు ముహూర్తం పెట్టారు. పాత్రలకు నిజంగానే బొమ్మలు చేయించి, వాటిని యంత్రంతో తెరమీదికి ఎక్కించారు. ఇందులో వీరుడు ఒక జాలరి కొడుకు. సముద్రం నడుమ తమ దీవి తప్ప లోకంలో మరొక నేల లేదని అక్కడివారి నమ్మకం. జాలరి కొడుకూ, అతని నేస్తం రాజకుమారుడూ పగిలిన రాతిపలకల ముక్కలు ఏరి కూర్చితే, అవి వాళ్ళను పాతకాలానికి తీసుకుపోతాయి. అక్కడ ఏ నేలను ఆపదనుంచి కాపాడితే, తిరిగి వచ్చేసరికి ఆ నేల ఇప్పటి సముద్రంలో తేలి ఉంటుంది! 2000లో వచ్చిన అసలు ఆటలో మొదటి శత్రువు ఎదురయ్యేసరికే గంట దాటేది. కొంతమంది విసుక్కునేవారు. నేను మాత్రం ఆ జాలరిపల్లెలో తిరుగుతూ ఉంటే కాలమే ఎరగను.

పన్నెండవ ఆటను తలుచుకుంటే సంతోషంతోపాటు కొంచెం గుబులు కూడా కలుగుతుంది. దాన్ని ప్రకటించిన ఏడాదే, సెప్టెంబరు 30న, సుగియామా 90వ ఏట చనిపోయాడు. 2024 మార్చి 1న తొరియామా 68వ ఏట చనిపోయాడు. వాళ్ళిద్దరూ చివరగా పనిచేసిన ఆట అవుతుంది గనక దీన్ని ఆషామాషీగా చేయటానికి వీలులేదని హోరీ 2024లో రాశాడు. ఇది పెద్దవాళ్ళ కథలా గంభీరంగా ఉంటుందనీ, పోరాటం పద్ధతి కూడా మారుతుందనీ ప్రకటన రోజునే చెప్పాడు. అప్పుడు చూపించినది పేరూ, దాని చుట్టూ మంటలూ మాత్రమే. మారితే మారనివ్వండి. తాతగారు ఆలోచించుకునే వ్యవధి మాత్రం తీసేయకపోతే నాకు చాలు.

ఆ ఆట నా చేతికి వచ్చిన రోజున కోటలూ కత్తులూ తరువాత చూస్తాను. ముందు ఊరు దాటి పచ్చికలోకి వెళ్ళి, ఆ నీలిబొట్టు అక్కడ నవ్వుతూ ఉన్నదో లేదో చూస్తాను.