మోర్స్ పంపడం ఎలా మొదలెట్టాలి? మన గణాలతోనే!

హ్యామ్ రేడియో సిరీస్‌లో మీలో చాలామంది అడిగిన టాపిక్ ఈరోజు చెప్పుకుందాం: మోర్స్ కోడ్ పంపడం.

ముందు ఒక డౌట్ తీర్చేద్దాం. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు, హ్యామ్ లైసెన్సుకి మోర్స్ పరీక్ష ఉండాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోమంది. మరి ఇంకా ఎందుకు నేర్చుకోవడం? మాట పంపాలంటే రేడియో బ్యాండ్‌లో సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కి 150 చుట్టుపక్కల సరిపోతుంది. పవరంతా అంత సన్నటి చోట ఉంటుంది కాబట్టి, మాట అర్థంకానంత గోలలో కూడా మోర్స్ చెవికి దొరుకుతుంది. 5 వాట్ల చిన్న సెట్టుతో సముద్రాలు దాటేవాళ్లున్నారు.

సరే, నేర్చుకోవడం ఎలా? చుక్కలు, గీతల చార్టు బట్టీ పట్టొద్దు. మోర్స్ కంటితో చదివేది కాదు, చెవితో వినేది. చుక్కని "డిట్" అనండి, గీతని "డా" అనండి.

టెన్త్‌లో ఛందస్సు చదివారు కదా? య మా తా రా జ భా న స గుర్తుందా? లఘువుని డిట్ అనుకోండి, గురువుని డా అనుకోండి. మూడక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడు శబ్దాల అక్షరాలూ సరిగ్గా ఎనిమిదే! నగణం అంటే ఎస్. మగణం ఓ. యగణం డబ్ల్యూ. రగణం కె. జగణం ఆర్. భగణం డి. సగణం యు. తగణం జి. అంటే ఎనిమిది అక్షరాలు మీకు సగం వచ్చేసినట్టే. ఒక్క తేడా ఉంది: గురువు రెండు మాత్రలు, డా మాత్రం మూడు డిట్‌లంత పొడవు.

ఇప్పుడు అసలు విషయం. కొత్తవాళ్లు డిట్, డా మీదే దృష్టి పెడతారు. నేను నేర్చుకునేటప్పుడు ఎక్కువ టైమ్ పెట్టింది మాత్రం ఖాళీల మీద. లెక్క ఇదీ: ఒక అక్షరం లోపల శబ్దాల మధ్య ఖాళీ 1 డిట్ అంత. అక్షరానికీ అక్షరానికీ మధ్య 3. పదానికీ పదానికీ మధ్య 7. నిమిషానికి 12 పదాల స్పీడులో డిట్ అంటే సెకనులో పదో వంతు.

ఖాళీ తగ్గితే ఏమవుతుంది? ఎ అంటే డిట్ డా. టి అంటే డా. రెండూ అతుక్కుంటే డిట్ డా డా, అంటే డబ్ల్యూ! మీరు ఒకటి పంపారు, అవతలివాళ్లు ఇంకోటి రాసుకున్నారు. అందుకే మొదట్లో అక్షరాన్ని చురుగ్గా కొట్టి, అక్షరాల మధ్య ఖాళీ బాగా పెంచండి. అక్షరాన్నే సాగదీస్తే దాని లయ చెవికి పట్టదు.

చెయ్యి సంగతి. మొదట మామూలు స్ట్రెయిట్ కీ చాలు. మోచెయ్యి బల్ల మీద ఆనించండి. కదలిక మణికట్టు నుంచి రావాలి. ఫోన్ స్క్రీన్ మీద వేలితో టక్‌టక్‌మన్నట్టు కొడితే పది నిమిషాలకే చెయ్యి నొప్పెడుతుంది.

ఇక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. మీరు కొట్టింది రికార్డ్ చేసి, రెండు రోజులాగి విని రాసుకోండి. మీకే అర్థం కాకపోతే, ఎక్కడో దూరంగా గోలలో వినేవాళ్లకి ఎలా అర్థమవుతుంది? నేను రోజూ పావుగంట కూర్చునేవాణ్ణి. వారానికోసారి మూడు గంటలు కూర్చోవడం కన్నా అదే బాగా పనిచేసింది.

రెండు జాగ్రత్తలు. బజర్‌తోనో యాప్‌తోనో ఎంతైనా ప్రాక్టీస్ చేయండి. కానీ లైసెన్సు, కాల్‌సైన్ చేతికొచ్చేదాకా ట్రాన్స్‌మిట్ చేయకూడదు. ఇక నగణం, మగణం, నగణం ఆపకుండా కొడితే అది ఎస్ఓఎస్. ఎక్కడో ఎవరో ప్రాణాపాయంలో ఉన్నారని వినేవాళ్లు పరుగులు పెడతారు. సరదాకి కూడా గాల్లోకి పంపొద్దు.

ఇక మొదటి కాంటాక్ట్. అవతలివాళ్లు స్పీడుగా కొడుతుంటే "క్యూఆర్ఎస్" అని పంపండి. నెమ్మదిగా పంపండి అని అర్థం. అడగడానికి మొహమాటం వద్దు, మంచి ఆపరేటర్లు వెంటనే తగ్గిస్తారు. పొరపాటు కొడితే ఎనిమిది డిట్‌లు వరసగా కొట్టి, ఆ పదం మళ్లీ పంపండి. స్పీడు దానంతటదే వస్తుంది, ముందు శుభ్రంగా పంపడం అలవాటు చేసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో తక్కువ ఖర్చుతో ప్రాక్టీస్ బజర్ తయారు చేద్దాం. ఈలోగా మీ పేరు మోర్స్‌లో ఎలా వినిపిస్తుందో నోటితో అని చూడండి. హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలంటే 73. అందరికీ 73!