పందెం కుదించడం పిరికితనమా?

సాహసం అనే మాటకు మన భాషలో విచిత్రమైన చరిత్ర ఉన్నది. నేడు ఒకనిని సాహసి అంటే అది ప్రశంస. ప్రాచీన ధర్మశాస్త్రాలలో మాత్రం సాహసమంటే నేరం. బలగర్వంతో, ముందువెనుకలు చూడక చేసిన దౌర్జన్యం. రాజు విచారించవలసిన వ్యవహారాలలో స్మృతికర్తలు దానిని ఒకటిగా లెక్కించినారు. ఒకే మాట ఒకనాడు నిందగా, మరొకనాడు మెప్పుగా నిలిచినదంటే, ఆ రెంటి నడుమనున్న గీత ఎంత సన్ననిదో ఊహించుకొనవచ్చును. ఆ గీతను ఎక్కడ గీయవలెనన్న వివాదం ఐరోపాలోని సైకిలు పందేల లోకంలో నూరేళ్లకు పైగా సాగుతున్నది. హిమపాతం, పెనుగాలి, వడగళ్లు వచ్చిననాడు పందెపు దారిని కుదించవచ్చునా, కూడదా అన్నదే ఆ వివాదం.

ఈ పందేల సంగతి అంతగా తెలియని విద్యార్థుల కోసం రెండు మాటలు చెప్పుట అవసరం. వృత్తిగా సైకిలు తొక్కేవారికి రెండు మహాపందేలు ముఖ్యమైనవి. ఒకటి ఫ్రాన్సు దేశపు టూర్ ద ఫ్రాన్స్. రెండవది ఇటలీ దేశపు జిరో ద ఇటాలియా. ఒక్కొక్కటి మూడు వారాలు, అంచెలంచెలుగా సాగుతుంది. సాధారణంగా 21 అంచెలు. రోజుకొక అంచె, నడుమ విశ్రాంతిదినాలు. అన్ని అంచెల కాలాన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తుందో అతడే విజేత. ఏనాటికానాడు ముందున్నవాడు ఫ్రాన్సులో పసుపు చొక్కా, ఇటలీలో గులాబిరంగు చొక్కా ధరిస్తాడు.

ఈ రంగుల వెనుక ఒక కథ ఉన్నది. 1903లో టూర్‌ను ప్రారంభించినది 'లోతో' అనే పత్రిక. దానిని పసుపు కాగితం మీద అచ్చువేసేవారు. 1909లో జిరోను ప్రారంభించిన 'గజెట్టా దెల్లో స్పోర్ట్' గులాబిరంగు కాగితం మీద వెలువడుతుంది. అంటే ఈ పందేలు పత్రికల బిడ్డలు. ఉదయం పత్రిక తెరచిన పాఠకునికి ఒళ్లు గగుర్పొడిచే కథ కావలెను. దారి ఎంత కఠినమైతే కథ అంత రసవత్తరం. కథ ఎంత రసవత్తరమైతే పత్రిక అంతగా చెల్లుతుంది. కష్టపడేది ఒకరు, ఆ కష్టాన్ని అమ్ముకొనేది మరొకరు. వివాదానికి మూలం ఇక్కడనే ఉన్నది.

1910లో టూర్ నిర్వాహకులు తొలిసారిగా పిరనీస్ పర్వతాలలోని ఎత్తైన కనుమల మీదుగా దారి వేసినారు. లుషోన్ నుండి బయోన్ వరకు 326 కిలోమీటర్లు ఒక్క అంచె. ఆనాటి బరువైన సైకిళ్లతో, రాళ్లుదేలిన బాటల మీద, నడిచి కొంత, తొక్కి కొంత సాగిన ఆక్టావ్ లాపీజ్, దారిలో నిలిచిన నిర్వాహకుల మనుషులను చూచి 'హంతకులారా' అని అరచినాడు. ఆ అంచెనూ, ఆ ఏటి టూర్‌నూ గెలిచినవాడు అతడే. ఓడినవాడు అరిస్తే ఉక్రోషమని కొట్టివేయవచ్చును. గెలిచినవాడే ఆ మాట అన్నాడన్నది గమనించదగిన విషయం.

1926లో అదే కొండలలో, అంతే దూరంలో, ఈసారి బయోన్ నుండి లుషోన్‌కు అంచె నడచినది. ఆనాడు తుపాను విరుచుకుపడినది. బెల్జియం దేశీయుడు ల్యూసియెన్ బ్యూస్ గమ్యం చేరడానికి 17 గంటలకు పైగా పట్టినది. అతడే ప్రథముడు. చీకటి పడిన తరువాత కూడ ఎందరో బురదలో చిక్కుపడి ఉండగా, నిర్వాహకులు మోటారు బండ్లు పంపి వారిని వెదకించినారు. నియమించిన గడువులో చేరినవారు చాలా తక్కువ కావడంతో చివరకు గడువునే సడలించినారు. దారిని కుదించవలెనన్న ఆలోచన మాత్రం ఆనాడు ఎవరికీ రాలేదు.

1956 జూన్ 8న జిరోలో మోంటె బొండోనె కొండ మీద మంచుతుపానులో జరిగిన అంచె మరొకటి. ఆనాడు పోటీదారులలో దాదాపు సగంమంది దారిలోనే విరమించుకొన్నారు. వారిలో గులాబి చొక్కా తొడుగుకొన్న పస్కువాలె ఫొర్నారా కూడ ఒకడు. లక్సెంబర్గ్‌కు చెందిన షార్లీ గౌల్ ఒంటరిగా శిఖరం చేరి, ఆ విజయంతో జిరోనే గెలుచుకొన్నాడు. 1980 ఏప్రిల్‌లో బెల్జియంలోని లియేజ్–బాస్తోన్య్–లియేజ్ అనే ఒక్కరోజు పందెం మంచులో సాగినది. 174 మంది బయలుదేరగా గమ్యం చేరినవారు 21 మంది. 9 నిమిషాలకు పైగా ముందు వచ్చి గెలిచిన బెర్నార్ ఇనో చేతివేళ్లకు ఆనాడు తగిలిన చలిదెబ్బ పూర్తిగా మానలేదు.

ఇట్టి గాథలు చదివినప్పుడు మన గుండె ఉప్పొంగుతుంది. అయితే ఆ చలిలో మనిషి శరీరానికి ఏమి జరుగుతుందో కూడ తెలుసుకొనవలెను. ఎత్తు పెరిగినకొద్దీ, ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. లోయలో 10 డిగ్రీలున్ననాడు, దానికి 1400 మీటర్ల ఎగువనున్న కనుమ మీద సున్నకు చేరువగా ఉంటుంది. లోయలో వానగా పడినది అక్కడ మంచుగా పడుతుంది. ఎక్కేటప్పుడు ప్రమాదం తక్కువ. వేగం స్వల్పం, శ్రమ అధికం. కండరాలే కొలిమిలా వేడి పుట్టిస్తాయి. చెమటతో, వానతో తడిసిన ఒంటితో శిఖరం దాటి దిగడం మొదలుపెట్టగానే కథ తలక్రిందులవుతుంది. కాళ్లకు పని ఉండదు కాబట్టి వేడి పుట్టదు. సైకిలు గంటకు 60, 70 కిలోమీటర్ల వేగం అందుకొంటుంది. సున్న డిగ్రీల గాలి ఆ వేగంతో ముఖాన కొడితే, చర్మానికి అది సున్నకు దిగువన 9 డిగ్రీల చలివలె తోస్తుంది. వేళ్లు మొద్దుబారుతాయి, బ్రేకు నొక్కవలెనని మనస్సు ఆజ్ఞాపించినా వేళ్లు వినవు. పక్కన లోయ. ఇక్కడ ధైర్యం చేయగలిగినది ఏమీ లేదు. ధైర్యం మనస్సులో ఉంటుంది; బ్రేకు వేళ్లలో ఉంటుంది.

1988 జూన్ 5న ఇటలీలోని గవియా కనుమ మీద ఇదే జరిగినది. దాని ఎత్తు 2600 మీటర్లకు పైగా. యోహాన్ వాన్ డెర్ వెల్డె అనే డచ్చి వీరుడు పొట్టిచేతుల చొక్కాతోనే, కురుస్తున్న మంచులో అందరికన్న ముందు శిఖరం దాటినాడు. దిగడం మొదలుపెట్టిన కొద్దిసేపటికే చలికి తాళలేక ఆగిపోయి, ఎక్కడో తలదాచుకొని వెచ్చబడి, విజేతకు సుమారు 47 నిమిషాల వెనుక గమ్యం చేరినాడు. ఆనాడు గులాబి చొక్కా పొందిన అమెరికా దేశీయుడు ఆండ్రూ హాంప్‌స్టెన్‌కు అతని జట్టువారు మంచుక్రీడల అంగడిలో దళసరి చేతితొడుగులు, వెచ్చని దుస్తులు ముందుగానే కొని ఉంచినారు. తరువాత ఆ జిరో గెలిచినవాడు అతడే. వీరిద్దరిలో ధైర్యం ఎవరికి తక్కువ? ఎవరికీ కాదు. తేడా తెచ్చినది ముందుచూపు.

క్రమంగా నిర్వాహకుల దృష్టి మారినది. 1996 టూర్‌లో ఇజెరాన్, గాలిబియే కనుమలు మంచుతో మూసుకొనిపోగా, 190 కిలోమీటర్ల అంచెను 46 కిలోమీటర్లకు కుదించినారు. 2013 మార్చిలో మిలాన్–శాన్ రెమో పందెంలో పోటీదారులను నడిదారిలో ఆపి, బస్సులలో కొండ దాటించి, ఆవలివైపున మళ్లీ పందెం సాగించినారు. అదే ఏడు మే నెలలో గవియా, స్టెల్వియో కనుమలు దాటవలసిన జిరో అంచెను పూర్తిగా రద్దు చేసినారు. మరునాడు మూడు కనుమలను విడిచిపెట్టి, మార్చిన దారిలో పందెం నడిపినారు. ఆ దారి చివరనున్న త్రె చీమె శిఖరం మీద, ముంచుకొచ్చే మంచులో, గులాబి చొక్కాతో విన్సెంజో నిబాలి ఒంటరిగా వచ్చిన దృశ్యం చూచినవారెవరూ అది పొట్టి పందెమని చిన్నచూపు చూడలేదు.

ఇట్టి నిర్ణయాలు ఆనాటివరకు నిర్వాహకుని ఇష్టాయిష్టాల మీద ఆధారపడేవి. 2015 చివర అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య ఒక నిబంధన చేసి, 2016 నుండి అమలుపెట్టినది. గడ్డకట్టించే వాన, దారిపై పేరుకొన్న మంచు, పెనుగాలులు, విపరీతమైన ఎండ లేక చలి, కనుచూపు ఆనని పొగమంచు, వాయుకాలుష్యం—వీటిలో ఏది ఎదురుకానున్నా, నిర్వాహకులు, పందెపు వైద్యుడు, న్యాయనిర్ణేతలు, జట్లవారి ప్రతినిధి, పోటీదారుల ప్రతినిధి కూర్చుండి ఆలోచించవలెను. బయలుదేరే చోటు, వేళ మార్చవచ్చును, గమ్యం మార్చవచ్చును, దారి మళ్లించవచ్చును, కొంత భాగాన్ని లెక్కలోనికి తీసుకొనకుండ విడువవచ్చును, రద్దు చేయవచ్చును. సైకిలు తొక్కేవాని మాటకు ఆ సభలో చోటు దొరకడమే ఇందులోని పెద్ద మార్పు.

కుదించడంలో అన్యాయం లేదా అని అడిగితే, లేదని చెప్పలేము. 2019 జూలై 26న టూర్ పందొమ్మిదవ అంచెలో పోటీదారులు ఇజెరాన్ శిఖరం దాటి దిగుతుండగా, ముందున్న లోయలో వడగళ్లు కురిసి, కొండచరియ విరిగి దారిని కప్పివేసినది. పందెం ఆపి, శిఖరం వద్ద ఎవరు ఎంత కాలంలో చేరినారో దానినే లెక్కలోనికి తీసుకొన్నారు. ఆ అంచెకు విజేత లేడు. పసుపు చొక్కా మాత్రం ఫ్రాన్సు దేశీయుడు జూలియన్ అలఫిలీప్ నుండి కొలంబియా యువకుడు ఎగాన్ బెర్నాల్‌కు మారినది. మరునాటి అంచెను కూడ 130 నుండి 59 కిలోమీటర్లకు కుదించినారు. బెర్నాల్ టూర్ గెలిచిన తొలి కొలంబియా వీరుడైనాడు. మొత్తం దారి ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కాని బురదతో మూసుకొనిపోయిన దారిలోనికి మనుషులను పంపడం న్యాయమని కూడ ఎవరూ అనలేరు.

కుదించడం వల్లనే క్రొత్త చిక్కులు వచ్చిన సందర్భమూ ఉన్నది. 2016లో మోన్ వాంటూ శిఖరం మీద పెనుగాలి వీస్తున్నదని గమ్యాన్ని 6 కిలోమీటర్లు క్రిందికి దించినారు. శిఖరం దాక విస్తరించవలసిన జనసమూహమంతా క్రింది దారిలో క్రిక్కిరిసినది. జనం అడ్డుపడి ఒక మోటారుసైకిలు ఆగిపోగా, వెనుక వస్తున్న ముగ్గురు దానిని గుద్దుకొన్నారు. వారిలో పసుపు చొక్కా ధరించిన క్రిస్ ఫ్రూమ్ సైకిలు విరిగి, కాలినడకన కొండమీదికి పరుగెత్తినాడు. దారిని కుదించినవారు జనాన్ని గురించి కూడ ఆలోచించవలసినదని దీని పాఠం.

మరొక సందర్భంలో పట్టుదలలే పెరిగినవి. 2020 అక్టోబరులో జిరో పందొమ్మిదవ అంచె 258 కిలోమీటర్లు. ముందటి రోజే స్టెల్వియో దాటి అలసిన పోటీదారులు, చలివానలో అంత దూరం తొక్కలేమని ఉదయాన బయలుదేరే చోటనే మొరాయించినారు. దారిని సుమారు సగానికి కుదించక తప్పలేదు. నిర్వాహకుడు మావ్రో వెన్యి బహిరంగంగానే ఆగ్రహించినాడు. అక్కడ హిమపాతం లేదు, ఎత్తైన కనుమ లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు ఇరుపక్షాలవారూ వాదించినారు. సంప్రదింపులు ముందు రాత్రి జరుగక మరునాటి ఉదయం జరిగితే ఏమవుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

కాబట్టి కుదించడం తప్పా, ఒప్పా అని ఒక్క మాటలో తేల్చడం సరికాదు. ఎవరు నిర్ణయించినారు, ఎప్పుడు నిర్ణయించినారు, దేనిని చూచి నిర్ణయించినారు అన్నవే సరియైన ప్రశ్నలు. వేడిగదిలో కూర్చున్న నిర్వాహకుడు ఒక్కడే నిర్ణయిస్తే అది అధికారం. అలసినవాడు ఒక్కడే నిర్ణయిస్తే అది ఒక్కొక్కప్పుడు విసుగు కావచ్చును. ముందుగా తెలిపిన నిబంధన ప్రకారం, తొక్కేవానితో సహా అందరూ కలిసి నిర్ణయిస్తే అది న్యాయానికి దగ్గరగా ఉంటుంది. పోటీదారు తనంతట తాను ఆగలేడని కూడ మరువరాదు. పక్కవాడు ఆగనంతవరకు తాను ఆగితే ఓటమి. జట్టులో ఉద్యోగానికే ముప్పు. అందరినీ ఒక్కసారిగా ఆపగలిగిన నియమం ఒక్కటే అతనిని కాపాడగలదు.

ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్తది కాదు. ఏటా వేసవి ముదరగానే మన పాఠశాలలు ఒంటిపూట బడులుగా మారుతున్నవి. పిల్లలు ఎండకు భయపడినారని దానినెవరూ ఎద్దేవా చేయరు. చదువు పలుచబడినదని వాపోయేవారూ తక్కువే. ఆ మేరకు మనం వివేకులమే. అయితే క్రీడోత్సవంనాడు మిట్టమధ్యాహ్నపుటెండలో చివరి పరుగుపందెం మిగిలి ఉన్నప్పుడు, అతిథులు వేదిక మీద ఎదురుచూస్తున్నప్పుడు, ఆ వివేకం నిలుస్తున్నదా? కళ్లు తిరుగుతున్న బాలుడు తనంతట ఆగడు. తోటివారు నవ్వుతారని భయం. ఈల ఉన్నది ఉపాధ్యాయుని చేతిలో.

2021 మే 24న జిరోలో వానకు, చలికి వెరచి రెండు కనుమలను తీసివేసి, 212 కిలోమీటర్ల అంచెను 153కు కుదించినారు. మిగిలిన జావు కనుమను బెర్నాల్ అందరికన్న ముందు దాటి, తడిసిన దారిలో జాగ్రత్తగా దిగి, కొర్తీనా పట్టణం చేరినాడు. చలికోటు తొడుగుకొని ఉన్నందున అతని గులాబి చొక్కా ఎవరికీ కనబడలేదు. గమ్యరేఖ సమీపిస్తుండగా అతడు తొందరపడక, తడిసిన కోటును మెల్లగా విప్పి, ఆ చొక్కాను లోకానికి చూపి గీత దాటినాడు. కోటు విప్పే ఆ కొద్ది క్షణాలు అతనికి కాలనష్టమే. ఆ వేళ్లకు గుండీ విప్పే శక్తి మిగిలి ఉన్నదంటే, దారిని కుదించినవారు తమ పని సరిగానే చేసినారని అర్థం.