తుమ్ముల నింద మోస్తున్న గోల్డెన్‌రాడ్

ఆగస్టు ముగిసేసరికి అమెరికా తూర్పు రాష్ట్రాల్లో రోడ్ల పక్కన, బీళ్లలో గోల్డెన్‌రాడ్ విరగబూస్తుంది. అక్కడి జనానికి ముక్కు కారడం, కళ్లు దురద పెట్టడం మొదలయ్యేదీ అప్పుడే. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది ఈ పసుప్పచ్చ పూలే కనుక నింద వీటి మీద పడింది. అసలు దోషి అదే రోజుల్లో ఎవరి కంటా పడకుండా పూసే రాగ్‌వీడ్. దాని పుప్పొడి గాలిలో మైళ్ల దూరం పోతుంది. గోల్డెన్‌రాడ్‌ది బరువైన, జిగురు పుప్పొడి, పురుగులు మోసుకుపోవాల్సిందే. ఈ సంగతి తెలియక న్యూజెర్సీలో మనవాళ్లు కూడా పెరట్లో కనబడితే పీకేస్తుంటారు. అది చాలా నష్టం.

ఎందుకంటే మిగతా పూలు వెనకబడ్డాక తేనె ఇచ్చేది ఇదే. చలికాలమంతా నేలలో దాక్కోబోయే బంబుల్‌బీ రాణులు, మెక్సికో కొండలకు ప్రయాణమైన మోనార్క్ సీతాకోకచిలుకలు దీని మీద వాలతాయి. అయితే ఈ మేతలోనూ సారం తగ్గుతోంది. స్మిత్‌సోనియన్ సంస్థ 1842 నుంచి భద్రపరచిన ఎండు నమూనాలను పరిశీలించి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ పుప్పొడిలో ప్రొటీన్ దాదాపు మూడో వంతు పడిపోయిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నన్ను కలవరపెట్టే లెక్క ఇది.

చిన్న పెరడైతే కెనడా గోల్డెన్‌రాడ్ వద్దు, వేరుదుంపలతో చుట్టూ అల్లుకుపోతుంది. నీడకు బ్లూ-స్టెమ్డ్ రకం, ఎండకు షోయీ రకం మంచివి. విత్తనాలు మాత్రం ఇండియాకు తేవద్దు. చైనాలో, యూరప్‌లో ఆ కెనడా రకమే పొలాలను, బీళ్లను ఆక్రమించింది. ఇక్కడి తేనెటీగలకు మన తంగేడు, తుమ్మి ఉన్నాయి.

పూత అయిపోయాక కాడలు కొట్టేయకండి. కొన్నిటి మీద పెద్ద గోళీకాయంత ఉబ్బు కనిపిస్తుంది. కత్తితో చీలిస్తే బెండులాంటి గుజ్జు, నడుమ తెల్లటి పురుగు. అది గాల్ ఫ్లై అనే ఈగ పిల్ల. రెక్కలొచ్చిన ఈగకు కొరికే నోరుండదు. అందుకే పురుగుగా ఉన్నప్పుడే, చలి ముదరకముందే బయటి పొర దాకా సొరంగం తొలిచి, పలచటి పొర మాత్రం మిగిల్చి వెనక్కి వచ్చి పడుకుంటుంది. ఒంట్లో గ్లిసరాల్, సార్బిటాల్ నింపుకుంటుంది కనుక గడ్డకట్టినా చావదు. మంచు రోజుల్లో డౌనీ వడ్రంగిపిట్ట ఆ ఉబ్బును పొడిచి పురుగును లాక్కుతింటుంది. కాడలు కోయడం వసంతం బాగా ముదిరి, మిగిలిన ఈగలు బయటికొచ్చాకే.