ఇంటి కాగితాలూ అమానతే

సైబరాబాద్ ఐ.టి. కారిడారులో జనవరి మాసం వచ్చిందంటే ఒక విచిత్రమైన వెతుకులాట మొదలవుతుంది. ఆదాయపు పన్ను మినహాయింపుల కోసం ఆధారాలు సమర్పించమని కంపెనీల నుండి తాఖీదులు వస్తాయి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కార్యాలయాలలో పగలంతా కోట్ల రూపాయల లావాదేవీల సాఫ్ట్‌వేర్ నడిపేవారు రాత్రి ఇంటికి వచ్చి బీరువా పై అరలో, ఇస్త్రీ బట్టల మధ్య, పిల్లల పుస్తకాల సంచీలో ఒక ఫీజు రసీదు కోసం గాలిస్తారు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను విధానమే అప్రమేయంగా వర్తిస్తున్నందున కొందరికి ఈ బెడద తగ్గింది. పాత విధానాన్ని ఎంచుకున్న వారికి మాత్రం తప్పలేదు.

మా ఇంట కూడా ఇదే తంతు. ఒక సంవత్సరం ఆసుపత్రి మందుల బిల్లులన్నీ ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా దాచి, అవసరమైన రోజున తీసి చూస్తే తెల్లకాగితాలు మిగిలాయి. దుకాణాలలో చిన్న యంత్రం నుండి వచ్చే ఆ బిల్లులపై సిరా ఉండదు. కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలిన చోట నల్లబడి అక్షరాలుగా కనిపిస్తుంది. మళ్ళీ వేడి తగిలినా, ఎండ పడినా, నూనె అంటినా, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలో ఎక్కువ కాలం ఉంచినా ఆ అక్షరాలు చెరిగిపోతాయి. భద్రంగా ఉంటుందని మేము ఎంచుకున్న కవరే వాటిని చెరిపివేసి ఉండవచ్చు.

అంతకన్నా పెద్ద పాఠం 2020 అక్టోబరులో ఎదురైంది. ఆ నెల 13వ తేదీ రాత్రి కురిసిన వర్షానికి టోలీచౌకీలోని నదీమ్ కాలనీ రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. అటు పాతబస్తీలో ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ పరిస్థితీ అదే. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఎన్నో ముస్లిం కుటుంబాలు టోలీచౌకీ, షేక్‌పేట, మెహదీపట్నం ప్రాంతాలలోనే ఉంటాయి. నీరు తగ్గాక మేడల మీద పరుపులతో పాటు కాగితాలు కూడా ఎండలో పరిచి కనిపించాయి. డిగ్రీ పట్టాలు, ఇంటి దస్తావేజులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్ళినాటి సియాహనామాలు. మా పరిచయస్థురాలైన ఒక పెద్దావిడ తడిసిన సియాహనామాను రెండు తువ్వాళ్ళ నడుమ ఉంచి అరచేతితో అద్దుతూ కూర్చున్న దృశ్యం మాకు ఇంకా జ్ఞాపకం. అందులోని ఉర్దూ అక్షరాలు నీలిమరకలయ్యాయి. మహర్ మొత్తం ఎంతో రాసిన పంక్తి ఎక్కడుందో ఆమెకు తెలుసు. చదవడానికి మాత్రం అక్కడ ఏమీ లేదు.

ఆ తరువాతనే మేము ఒక చిన్న చేతి స్కానరు కొన్నాము. కొలబద్ద కన్నా కాస్త పొడవుగా, మడిచిన గొడుగంత ఉండే పరికరం ఇది. లాప్‌టాప్‌కు తగిలించే తీగ నుండే విద్యుత్తు తీసుకుంటుంది. కాగితాన్ని ఒక పక్క నుండి అందిస్తే లోపలి రబ్బరు చక్రాలు దానిని లాగుతాయి. వరుసగా అమర్చిన దీపాలు, కాంతిని గ్రహించే సూక్ష్మ భాగాలు ఒక్కొక్క గీతగా దానిని చదివి బొమ్మగా మారుస్తాయి. ఫోనుతో ఫోటో తీసినా సరిపోదా అని కొందరు అడుగుతారు. రెండు మూడు కాగితాలకు సరిపోతుంది. రెండు వందల కాగితాలకు చేయి వణుకుతుంది, నీడ పడుతుంది, అంచులు వంకరవుతాయి, ఓపిక పోతుంది. అంగుళానికి 300 చుక్కల నాణ్యత సాధారణ పత్రాలకు చాలు. ముద్రలు, స్టాంపులు ఉన్నవాటిని మాత్రం రంగులలోనే తీయాలి. నలుపు తెలుపులలో తీస్తే ఊదారంగు ముద్ర, కింది సంతకం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పిన్నులు ముందుగా తీసివేయాలి. చిరుగులు పడిన పాత కాగితాన్ని నేరుగా పెట్టకుండా స్కానరుతో వచ్చే పారదర్శక కవరులో ఉంచి పంపాలి. ఈ మాట మేము ఒక రేషను కార్డును చింపుకొన్న తరువాత నేర్చుకున్నాము.

ఫోను యాప్‌ల విషయంలో మరో జాగ్రత్త ఉన్నది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో కామ్‌స్కానర్ కూడా ఒకటి. అప్పటికి మన ఇళ్ళలో ఎందరో తమ ఆధార్, పాస్‌పోర్టు, జీతం కాగితాలు దానితోనే తీస్తుండేవారు. ఆ బొమ్మలు ఏ దేశంలోని ఏ కంప్యూటరులో నిలువ ఉంటాయో వారిలో ఎందరు ఆలోచించారు? జిరాక్సు దుకాణానికి వాట్సాప్‌లో పంపించి ముద్రించుకునే అలవాటు కూడా ఇటువంటిదే. మనం ఇంటికి వచ్చేస్తాము, మన కాగితం అక్కడి ఫోనులో ఉండిపోతుంది. ఆధార్ అవసరమైన చాలా చోట్ల మొదటి 8 అంకెలు కనబడని ప్రతి ఇచ్చినా సరిపోతుంది.

స్కాను చేయడం సులువే. వెతికినప్పుడు దొరకడమే కష్టం. యంత్రం ప్రతి బొమ్మకూ అర్థం లేని అంకెల పేరు పెడుతుంది. ఇంగ్లీషు కాగితాలలోని అక్షరాలను కంప్యూటరు బాగానే చదివి వెతికి పెడుతుంది గాని, చేతిరాత ఉర్దూను, పాత తెలుగు దస్తావేజులను అంతగా నమ్ముకోలేము. కనుక పేరు మనమే పెట్టాలి. ముందు సంవత్సరం, తరువాత నెల, తరువాత తేదీ, ఆ పిదప విషయం. అలా రాస్తే కంప్యూటరు వాటంతట అవే కాలక్రమంలో నిలబడేలా చూస్తుంది.

తేదీ గురించి మాట్లాడుతున్నప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఒక ఉదంతం గుర్తుకు వస్తుంది. ఆయన వద్దకు ఒక ఋణపత్రం వచ్చింది. షాబాన్ మాసంలో చెల్లించాలని అందులో ఉన్నది. ఏ షాబాన్? గడిచిందా, నడుస్తున్నదా, రాబోయేదా? అని ఆయన ప్రశ్నించారు. హిజ్రీ శకం ఏర్పడడానికి దారితీసిన సందర్భాలలో దీనినీ ఒకటిగా చరిత్రకారులు చెబుతారు. ముస్లిం ప్రపంచపు సంవత్సర గణన వెనుక ఒక అప్పుకాగితం కూడా ఉన్నదన్నమాట!

మా నాన్నగారి కాగితాలు స్కాను చేస్తున్నప్పుడు మాకు సరిగ్గా ఇటువంటి చీటీయే దొరికింది. ఒక బట్టల వ్యాపారి పేరు, 4,200 రూపాయలు బాకీ, రమజాన్ 20. సంవత్సరం లేదు. నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకొని అప్పటికి ఆరేళ్ళు. బాకీ తీర్చారో లేదో చెప్పగలవారు ఎవరూ లేరు. ఆ వ్యాపారి కూడా లేరు. వెతికి వెతికి ఆయన కుమారుణ్ణి కలుసుకున్నాము. తమ ఖాతా పుస్తకాలు ఎప్పుడో పారవేశామని, తీసుకోవడానికి మనసు ఒప్పడం లేదని అతను అన్నాడు. మేము ఒప్పుకోలేదు. అమరవీరునికి సైతం అప్పు మాఫీ కాదన్న దైవప్రవక్త (స) వారి హెచ్చరిక తెలిసిన తరువాత ఆ చీటీని తిరిగి పెట్టెలో పెట్టి నిద్రపోగలమా? చివరికి అతను ఆ మొత్తం తీసుకొని, తండ్రి పేరిట దానం చేస్తానన్నాడు.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికన్నా పొడవైన ఆయతు నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. బఖరా సూరాలోని 282వ ఆయతు అప్పు వ్రాతను గురించినది. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసుకోమని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, అప్పు తీసుకునేవాడే చెప్పి వ్రాయించాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని అందులో ఉన్నది. చేతికి చేయి జరిగే వ్యాపారానికి మాత్రం సడలింపు. ధర్మవేత్తలలో అత్యధికులు ఈ వ్రాతను విధిగా గాక అభిలషణీయంగా పరిగణించారు. అయినా ఇంత వివరంగా చెప్పిన విషయాన్ని మనం ఎంత తేలికగా వదిలేశామో చూడండి.

నేడు ఐ.టి. ఉద్యోగుల మధ్య అప్పులు ఫోను తెర మీదనే నడుస్తాయి. ఒకరి నాన్నగారికి ఆపరేషను, మరొకరికి ఇంటి అడ్వాన్సు. యు.పి.ఐ. ద్వారా క్షణంలో డబ్బు వెళ్తుంది. బ్యాంకు లెక్కలో ఉన్నది కదా, వేరే వ్రాత ఎందుకు భాయీ, అంటారు. బ్యాంకు లెక్క డబ్బు వెళ్ళిందని మాత్రమే చెబుతుంది. అది అప్పా, కానుకా, పాత బాకీ తీర్పా, ఉమ్మడి విందు ఖర్చా అన్నది చెప్పదు. ఎప్పుడు తిరిగి ఇవ్వాలో చెప్పదు. ఇచ్చినవాడు రేపు ప్రమాదంలో పోతే, అతని భార్య ఆ వరుస చూసి ఎవరిని ఏమని అడగాలి? తీసుకున్నవాడు పోతే, వారసత్వ పంపకానికి ముందు తీర్చవలసిన ఋణం ఉన్నదని పిల్లలకు ఎవరు చెబుతారు? సగం పేజీ కాగితం మీద మొత్తం, గడువు, రెండు సాక్షి సంతకాలు. స్కాను చేసి ఇద్దరి దగ్గరా చెరొక ప్రతి. పది నిమిషాల పని. మన దేశ చట్టం ప్రకారం మామూలు అప్పుకు మూడేళ్ళ కాలపరిమితి ఉన్నది. ఆ లోగా బాకీదారు సంతకంతో అప్పును అంగీకరిస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. షరీఅత్ దృష్టిలో మాత్రం అప్పు మురిగిపోదు.

బంగారం బిల్లుల సంగతి ఇల్లాళ్ళకు బాగా తెలుసు. జకాతు లెక్కకు కావలసింది కొన్న ధర కాదు, బరువు. మొత్తం బరువు, రాళ్ళు తీసివేయగా నికర బంగారం బరువు బిల్లులో వేర్వేరుగా ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమ్మే హాల్‌మార్కు నగలపై ఆరు అక్షరాంకాల గుర్తింపు సంఖ్య కూడా తప్పనిసరి. ధరించే నగలకు జకాతు ఉన్నదన్న హనఫీ మార్గాన్ని అనుసరించే ఇళ్ళలో, ఏడున్నర తులాల నిసాబు, అంటే 87.48 గ్రాములు దాటిందా అన్నది ఈ బిల్లుల మీదనే ఆధారపడుతుంది. మరొక చిక్కు ఏమిటంటే మన జీతం, పన్ను లెక్కలు ఏప్రిల్ నుండి మార్చి వరకు. జకాతు లెక్క చాంద్రమాన సంవత్సరానికి. మన దేశంలో 2024లో రమజాన్ మార్చి 12న మొదలైతే 2025లో మార్చి 2న మొదలైంది. రమజాన్ తొలిరోజును జకాతు దినంగా పెట్టుకున్నవారు ఆ రోజు బ్యాంకు నిల్వల కాగితాన్ని అదే రోజున తీసి దాచుకోవాలి. మార్చి 31 నాటి లెక్కతో సరిపెట్టుకోరాదు.

ఇక సియాహనామా. దీనిని భర్త ఆఫీసు ఫైలులో కాక భార్య చేతిలో ఉంచాలన్నది మా గట్టి అభిప్రాయం. తరువాత ఇస్తానన్న మహర్ భర్త మీద ఋణం. అతను మరణిస్తే ఆస్తి పంపకానికి ముందు అది ఆమెకు చెల్లాలి. ఆ కాగితమే ఆమెకు తెలియని చోట ఉంటే? తడిసిపోయినా, పోగొట్టుకున్నా దారి లేకపోలేదు. ఖాజీ వద్ద రికార్డు ఉంటుంది. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుండి వివాహ ధ్రువపత్రం పొందవచ్చు. అయితే నికాహ్ తేదీ, ఖాజీ పేరు తెలిసి ఉండాలి. స్కాను చేసిన ప్రతి చేసే మొదటి మేలు ఇదే. నీలిమరకల కాగితంతో కూర్చున్న ఆ పెద్దావిడకు ఆ రెండూ నోటికి వచ్చు కాబట్టి పని జరిగింది.

స్కాను ప్రతి అసలుకు ప్రత్యామ్నాయం అనుకోకూడదు. న్యాయస్థానంలో అది నకలు మాత్రమే. అసలు ఏమయిందో సమాధానం చెప్పవలసి వస్తుంది. డిజిలాకరులో ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రానికి అసలుతో సమాన విలువ ఉన్నది గాని, మనం స్కాను చేసి అందులో ఎక్కించిన దానికి లేదు. వసీయతును ఎలక్ట్రానిక్ పత్రాల చట్టం అసలు వర్తించనివాటిలో ఉంచింది. సిరాతో సంతకం చేసిన కాగితాన్నే జాగ్రత్త పెట్టాలి. వసీయతు చేయదగినది ఏదైనా ఉన్న ముస్లిం, అది వ్రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. ముప్పై ఏళ్ళకే ఇరవై ఏళ్ళ ఇంటి అప్పు నెత్తిన పెట్టుకున్న మన యువకులకు ఈ బోధ పెద్దవారికేనని ఎందుకు అనిపిస్తుందో మాకు అర్థం కాదు.

ఒక చేదు మాట కూడా చెప్పక తప్పదు. జనవరిలో కొందరు లేని అద్దెకు రసీదులు సృష్టిస్తారు. సొంత ఇంట్లో ఉంటూ బావమరిది పేరిట అద్దె చెల్లించినట్లు వ్రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, శుభ్రంగా స్కాను చేసి పంపుతారు. అందరూ చేస్తున్నదే అంటారు. ఏటా లక్ష రూపాయలు దాటిన అద్దెకు యజమాని పాన్ సంఖ్య అడుగుతున్నారు గనుక పట్టుబడేవారూ ఉన్నారు. పట్టుబడకపోయినా అది అబద్ధపు సాక్ష్యమే. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ నిజంగా నెలనెలా వారికి అద్దె ఇచ్చి, వారు దానిని తమ ఆదాయంగా చూపితే ఆక్షేపణ లేదు. అప్పుడు రసీదూ నిజమే, స్కానూ నిజమే.

మా ఇంట ఇప్పుడు నెలకొక ఆదివారం ఫజ్ర్ తరువాత ఈ పని కూర్చుంటుంది. మా శ్రీమతి పేర్లు చెబుతుంది, మేము టైపు చేస్తాము. పెద్దమ్మాయి పిన్నులు తీస్తుంది. ఒక ప్రతి ఇంట్లోని హార్డ్ డిస్కులో, మరొకటి విజయవాడలోని మా చెల్లెలి ఇంట్లో. రెండింటికీ తాళం మాట ఒకటే. అది ఒక కవరులో వ్రాసి, అతికించి, నగలున్న అరలోనే ఉంచాము. కవరు మీద మా శ్రీమతి పేరు ఉన్నది. మేము ఊళ్ళో లేనప్పుడు ఆమె ఒకసారి దానిని తెరిచి, బీమా కాగితాన్ని తానే వెతికి తీసింది. నాలుగు నిమిషాలు పట్టిందట.